పెళ్లయ్యాక చదివిస్తామన్నారుగా!

పిల్లల్ని ఎల్‌కేజీలో చేర్చేటప్పుడు నింపే అప్లికేషన్‌లో తల్లి విద్యార్హత అని ఒక గడి ఉంటుంది. మనలో చాలామందికి పెన్ను ఆగేది అక్కడే. రెండేళ్లు డిగ్రీ చదివి, పరీక్షలు రాసి, పాసై, ఆ తర్వాత పెళ్లయి వచ్చినవాళ్లు ఆ గడిలో ఏం రాయాలి? డిగ్రీ అంటే అబద్ధం. ఇంటర్ అంటే ఆ రెండేళ్లూ ఏట్లో కలిసినట్టే. కొందరు డిగ్రీ అని రాసి, పక్కన చిన్న అక్షరాలతో "డిస్‌కంటిన్యూ" అని చేరుస్తారు.

ఆ డిస్‌కంటిన్యూ అన్న మాట వింటే నాకు ఒళ్లు మంట. చదువుతున్న పిల్ల తనంతట తనే పుస్తకం మూసి లేచిపోయినట్టు ఉంటుంది. మన తెలుగులో మానేయడం వేరు, మాన్పించడం వేరు. ఆ తేడా తెలియక కాదు, చెప్పడం ఇష్టంలేక మనవాళ్లు ఇంగ్లీషు మాట వాడతారు. "మా కోడలు డిగ్రీ డిస్‌కంటిన్యూ అండీ" అనే అత్తగారిని "ఎవరు మాన్పించారండీ?" అని అడిగినవాళ్లని నేనింతవరకు చూడలేదు.

అసలు మోసం అంతకుముందే, పెళ్లిచూపుల రోజున మొదలవుతుంది. పిల్ల సెకండియర్‌లో ఉందంటారు పుట్టింటివాళ్లు. "దానికేముందండీ, పెళ్లయ్యాక చదివిస్తాం" అంటారు వచ్చినవాళ్లు. ఎంత మంచివాళ్లో అని అందరూ మురిసిపోయి కాఫీలు తాగుతారు. ఆ తర్వాత మాటల్లో బంగారం ఎన్ని కాసులో తేలుతుంది. ఆడపడుచు లాంఛనాలు ఎంతో తేలుతుంది. కల్యాణమండపం ఖర్చు ఎవరిదో, విడిదింట్లో ఎన్ని గదులు కావాలో, పెళ్లివారికి ఉదయం టిఫిన్లో ఏం పెట్టాలో కూడా తేలుతుంది. కాగితం మీద రాసుకుంటారు, అందులో ఒక్కటి తగ్గినా ఇరవై ఏళ్లపాటు దెప్పుతారు. చదివిస్తామన్న మాట ఒక్కటే ఏ కాగితం మీదా ఉండదు. ఏ కాలేజీ, ఎప్పటినుంచి, ఫీజు ఎవరు కట్టాలి, పరీక్షల రోజుల్లో వంట ఎవరు చేయాలి అని ఆ పూట ఒక్కరూ అడగరు. అడిగితే పిల్ల తరఫువాళ్లకి పొగరంటారు.

మూఢం వచ్చిందంటే పెళ్లిళ్లు నెలల తరబడి ఆపుకుంటాం. ఆషాఢం అని కొత్త కోడల్ని నెలరోజులు పుట్టింటికి పంపుతాం, ఆ నెలంతా అత్తారింట్లో పొయ్యి ఆరిపోదు, ఎలాగో గడుస్తుంది. సెమిస్టర్ పరీక్షలున్నాయి, ముహూర్తం మూడు వారాలు జరపండి అంటే మాత్రం ఆకాశం విరిగిపడుతుంది. వేసవిలో ముహూర్తాలూ పరీక్షలూ ఒకే రోజుల్లో పడతాయి. హాల్ టికెట్ వచ్చి ఉండి కూడా పసుపు బట్టలు కట్టుకుని కూర్చున్న పిల్లలు నాకు తెలిసి ముగ్గురున్నారు.

ఆడపిల్లకి చట్టం చెప్పిన పెళ్లి వయసు పద్దెనిమిది. సరిగ్గా డిగ్రీ ఫస్టియర్. దాన్ని ఇరవై ఒకటి చేస్తామని 2021లో పార్లమెంటులో బిల్లు పెట్టారు. ఆ లోక్‌సభ గడువు ముగియడంతో అదీ మురిగిపోయింది. ఆ బిల్లు మంచిదా చెడ్డదా అన్నది వేరే వాదన, ఇప్పుడు దాని జోలికి వెళ్లను. పద్దెనిమిది నిండగానే సంబంధాలు చూడటం మొదలుపెట్టే ఇళ్లలో డిగ్రీ అనేది పెళ్లి కుదిరేదాకా పిల్లని కూర్చోబెట్టే వెయిటింగ్ రూమ్ అని మాత్రం అందరికీ తెలుసు.

ఇప్పుడు మా తోడికోడలి సంగతి చెప్తాను. తను 2012లో బీకాంలో చేరింది. రెండేళ్లు అన్ని పేపర్లూ పాసైంది, ఒక్క బ్యాక్‌లాగ్ లేదు. మూడో ఏడాది మొదట్లో పెళ్లి. చదివిస్తామన్నది మా అత్తగారే, నేను అక్కడే ఉన్నాను. మొదటి ఏడాది కొత్త కాపురం, రెండో ఏడాది కడుపు, తర్వాత పిల్ల చిన్నది, ఆ తర్వాత పిల్లాడు పుట్టాడు, ఆ తర్వాత మామగారికి పక్షవాతం. ఎప్పుడూ ఒక కారణం ఉంది, ప్రతి కారణమూ నిజమే. ఇక్కడే మనందరం మోసపోతాం. ఒక్కొక్క కారణం చూస్తే ఎవరినీ తప్పుపట్టలేం. పదేళ్లు కలిపి చూస్తే, ఆ కారణాలన్నీ ఆ ఇంట్లో ఒక్క మనిషి చదువుకే ఎందుకు అడ్డొచ్చాయి అని అడగాలనిపిస్తుంది. అదే పదేళ్లలో మా మరిది డిపార్ట్‌మెంట్ పరీక్షలు రాసి ప్రమోషన్ తెచ్చుకున్నాడు. పరీక్షల ముందు పదిహేను రోజులు ఆయన గది తలుపు దగ్గర పిల్లలు ఏడవకుండా చూసుకున్నది తనే.

చిన్నాడు బడికి వెళ్లడం మొదలుపెట్టాక తను పాత కాలేజీకి వెళ్లింది. పేరెందుకులే, మా జిల్లాలోనే ఒక ప్రైవేటు కాలేజీ. ఫీజు రీయింబర్స్‌మెంట్ అప్పట్లో పూర్తిగా రాలేదట, ఆ బాకీ కడితే తప్ప సర్టిఫికెట్లు ఇవ్వమన్నారు. ప్రభుత్వం బాకీ పడితే పిల్ల ఇంటర్ మెమో తాకట్టు! అది కట్టి యూనివర్సిటీకి వెళ్తే, మీది సంవత్సరాల పద్ధతి అమ్మా, ఇప్పుడు సెమిస్టర్లు, ఆ సిలబస్సే లేదు అన్నారు. పాతవాళ్లకి ఒకసారి అవకాశం అని నోటిఫికేషన్ ఇచ్చారట, అది అయిపోయి ఎనిమిది నెలలైంది. ఎక్కడ ఇచ్చారని అడిగితే వెబ్‌సైట్‌లో అన్నారు. రెండేళ్ల పిల్లాడి వెనక పరిగెత్తేవాళ్లు రోజూ యూనివర్సిటీ వెబ్‌సైట్ చూసుకుంటూ కూర్చోవాలన్నమాట.

ఆ గుమస్తా మీద నాకు కోపం లేదు. అతని ముందున్న రూలే అది. మూడేళ్ల డిగ్రీని ఎన్నేళ్లలో ముగించాలన్నదానికి యూజీసీ 2015లో ఒక లెక్క చెప్పింది: కోర్సు కాలం, దాని మీద ఇంకో రెండేళ్లు. మరీ ప్రత్యేక పరిస్థితి అయితే మరో ఏడాది. అంటే ఐదేళ్లు, మహా అయితే ఆరు. పద్దెనిమిదో ఏట చేరి ఇరవయ్యో ఏట పెళ్లయిన పిల్లకి ఆ గడువు ముగిసేటప్పటికి ఒళ్లో ఒకరు, చంకలో ఒకరు.

కొత్త విద్యావిధానం వచ్చింది, అంతా మారిపోయిందంటారు. మారింది, చూద్దాం. 2020 విధానం ప్రకారం డిగ్రీ మధ్యలో ఆగితే వట్టి చేతులతో పోనక్కర్లేదు. ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్లకి డిప్లొమా, మూడేళ్లకి డిగ్రీ. చదివిన క్రెడిట్లు దాచుకోవడానికి 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అని పెట్టారు. బ్యాంకు అన్న మాట వినగానే నాకు ఆశ పుట్టింది. వివరాలు చదివితే ఆ ఆశ సగమైంది. దాచుకున్న క్రెడిట్ల ఆయుష్షు గరిష్ఠంగా ఏడేళ్లు. మధ్యలో బయటికి వెళ్లినవాళ్లు మూడేళ్లలోపు తిరిగి చేరాలి, మొత్తం ఏడేళ్లలో ముగించాలి అని 2022 నాటి యూజీసీ చట్రంలో ఉంది. ఇరవయ్యో ఏట పెళ్లయి వెళ్లిన పిల్ల ఇరవై మూడుకల్లా తిరిగి కాలేజీ మెట్లెక్కాలట! ఈ లెక్క వేసినవాళ్ల ఇళ్లలో కోడళ్లు లేరేమో. మన గాజులు లాకర్లో ఏళ్ల తరబడి ఉంటే బంగారం బంగారమే. నేను రాసి పాసైన అకౌంటెన్సీ పేపరు ఏడేళ్లకి ఎందుకు మురిగిపోవాలి? కంప్యూటర్ సబ్జెక్టులు పాతబడతాయంటే ఒప్పుకుంటాను. తెలుగు సాహిత్యం, చరిత్ర, డెబిట్ క్రెడిట్ సూత్రాలు ఎక్కడ పాతబడ్డాయి?

నాకు ఇంకో భయం కూడా ఉంది. రెండేళ్లకి డిప్లొమా అన్నది మగపిల్లాడికి తలుపు. ఆడపిల్లకి అది సాకు అవుతుంది. "రెండేళ్లు చదివావుగా, డిప్లొమా వచ్చిందిగా, ఇంక చాల్లే, మంచి సంబంధం" అనే రోజు ఎంతో దూరంలో లేదు. బయటికి వెళ్లే ద్వారం వెడల్పు చేసి, లోపలికి వచ్చే ద్వారానికి గడియారం కడితే ముందు బయటికి వచ్చేది ఎవరో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

గర్భిణిగా ఉండి చదివే పిల్లల విషయమూ ఇంతే. ఎంఫిల్, పీహెచ్‌డీ చేసే ఆడవాళ్లకి 240 రోజుల ప్రసూతి సెలవు ఇవ్వొచ్చని యూజీసీ 2016 నిబంధనల్లోనే చెప్పింది. మంచిదే. డిగ్రీ, పీజీ పిల్లల దగ్గరికి వచ్చేసరికి, వాళ్లకీ ప్రసూతి సెలవు, హాజరు సడలింపు ఇచ్చేలా మీ నియమాలు మీరు తయారుచేసుకోండి అని 2021 డిసెంబరులో యూనివర్సిటీలకి ఒక ఉత్తరం రాశారు. పీహెచ్‌డీ అమ్మాయికి రోజులు లెక్కపెట్టి ఇచ్చి, పంతొమ్మిదేళ్ల డిగ్రీ పిల్లకి ఉత్తరం ఇచ్చారు. ఇద్దరిలో ఎవరి చదువు ముందు ఆగిపోతుందో అందరికీ తెలిసిందే.

"డిగ్రీ ఉంటే మాత్రం ఏం ఒరిగింది? డిగ్రీలున్నవాళ్లే ఖాళీగా తిరుగుతున్నారు." ఈ మాట నాకు మగవాళ్లకంటే ఆడవాళ్లే ఎక్కువగా చెప్పారు. డిగ్రీ ఉంటే ఉద్యోగం వస్తుందని నేను చెప్పడం లేదు. అది లేకపోతే అప్లికేషన్ కూడా పెట్టలేవు అంటున్నాను. గ్రూప్-2కి డిగ్రీ. బీఈడీకి డిగ్రీ. 2019లో ఆంధ్రలో గ్రామ సచివాలయాల్లో మహిళా పోలీసు పోస్టులకీ డిగ్రీయే. ఊళ్లోనే ఉద్యోగం, ఆడవాళ్లకే ఉద్యోగం, రెండేళ్లు డిగ్రీ చదివినవాళ్లు నోటిఫికేషన్ చదివి పేపరు మడిచి పెట్టేశారు.

ఐబీపీఎస్ బ్యాంకు క్లర్కు నోటిఫికేషన్ ఎప్పుడైనా చదివారా? డిగ్రీ ఉండాలి, వయసు 20 నుంచి 28. కిందకి వెళ్తే ఆడవాళ్లకి ఒక సడలింపు కనిపిస్తుంది. భర్త చనిపోయినవాళ్లకి, విడాకులు తీసుకునో చట్టప్రకారం విడిపోయో మళ్లీ పెళ్లి చేసుకోనివాళ్లకి జనరల్ కేటగిరీలో 35 ఏళ్లదాకా అవకాశం. అంటే, ఆడదానికి చదువూ ఉద్యోగమూ కాస్త ఆలస్యంగా అవసరం పడతాయని ప్రభుత్వానికి తెలుసు. కాకపోతే ఆ అవసరం మొగుడు పోయాకే, వదిలేశాకే గుర్తిస్తుంది. అప్పుడు కూడా డిగ్రీ చూపించమంటుంది. అది పెళ్లి పీటల మీద పోయిందని ఎవరికి చెప్పుకోవాలి?

భర్త సర్వీసులో చనిపోతే ఇచ్చే కారుణ్య నియామకాల్లోనూ చదువును బట్టే కుర్చీ. డిగ్రీ ఉన్నామె జూనియర్ అసిస్టెంటు బల్ల ముందు కూర్చుంటుంది, లేనామె చాలాచోట్ల అదే ఆఫీసులో ఫైళ్లు మోస్తుంది. మా వీధిలో అలాంటి ఆవిడ ఒకరున్నారు. భర్త దగ్గర పనిచేసినవాళ్లకి ఇప్పుడు టీ అందిస్తారు. ఆవిడా డిగ్రీ సెకండియర్ దాకా చదివినవారే. ఇలాంటివి మాట్లాడితే అశుభం పలక్కు అంటారు మా అత్తగారు. ఎల్‌ఐసీ పాలసీ కట్టేటప్పుడు అశుభం గుర్తురాదు మరి.

పేపర్లో అప్పుడప్పుడు ఒక వార్త వస్తుంది. కూతురితో కలిసి పరీక్ష రాసిన తల్లి, అరవై ఏళ్లకి పట్టా అందుకున్న అమ్మమ్మ. ఫొటో, శాలువా, చప్పట్లు. ఆవిడ మీద నాకు గౌరవమే గానీ ఆ వార్త రాసే తీరు నచ్చదు. "చదువుకు వయసుతో పనిలేదు" అని హెడ్డింగ్ పెడతారు. నలభై ఏళ్లు ఎందుకు ఆలస్యమైందని ఒక్క వాక్యం ఉండదు. ఆ ఫొటోలో పక్కన నవ్వుతూ నిలబడ్డవాళ్లలో ఆ చదువు ఆపినవాళ్లు ఎందరో రాయరు. బాకీ తీర్చినవాణ్ణి దాతగా చూపించినట్టు ఉంటుంది.

బాకీ అనే మాట కావాలనే వాడుతున్నాను. కోడలి చదువు కోడలి సరదా కాదు. మనం ఆపాం, మనమే పూర్తి చేయించాలి. ఈ మాటకి ముందు తరాల్లో లెక్క ఉండేది. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కి ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. ఆవిడ ఆ పెళ్లిలోంచి బయటికి వచ్చి, స్వాతంత్ర్యోద్యమంలో జైళ్లు తిరిగి, ఆ తర్వాత మెట్రిక్, ఆంధ్రా యూనివర్సిటీలో బీఏ, మద్రాసులో లా చదివారు. చదువుకున్నాక ఊరుకోలేదు. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, బడి మధ్యలో ఆగినవాళ్లని బెనారస్ మెట్రిక్ పరీక్షకి కూర్చోబెట్టారు. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలిగా ఉన్న రోజుల్లో, 1958లో, పెద్దవయసు ఆడవాళ్ల కోసం కుదించిన కోర్సులు మొదలుపెట్టించారు. ఏళ్ల తరబడి బడికి వెళ్లలేని మనిషికి రెండేళ్లలో పరీక్షకి తయారయ్యే దారి. ఆడవాళ్ల దగ్గర లేనిది తెలివి కాదు, సమయం అని ఆవిడకి తెలుసు. మెట్రిక్‌కి అరవై ఏళ్ల కిందట చేసిన ఆలోచన డిగ్రీకి ఇవాళ ఎందుకు చేయరు?

సమయం అన్నాను కాబట్టి లెక్క కూడా చెప్తాను. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు అంటున్నారు, ఏడాదికి నలభై. ఇగ్నోవాళ్ల లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. మిగిలిపోయిన ఒక్క ఏడాదికి 1,200 గంటలు, నిమిషాల్లో 72,000. ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు దానికి పెడుతున్నారు, మగవాళ్లు 97. ఆ 97 కూడా ఇంటిపనికి చేయి పెట్టిన మగవాళ్ల సగటే, అలాంటివాళ్లు నూటికి 26 మంది. సరే, ఆ 26 మందిలో ఒకడు మన ఇంట్లోనే ఉన్నాడనుకుందాం. ఇద్దరి నిమిషాలూ కలిపి సమానంగా పంచితే చెరో 198. ఆమెకి రోజుకి 101 నిమిషాలు మిగులుతాయి. రోజుకి 101 చొప్పున రెండేళ్లకి 73,730. మిగిలిన ఆ ఏడాది డిగ్రీ పూర్తయి, ఓ సినిమా రోజులు కూడా మిగులుతాయి. దేశంలో ఏ పథకం అక్కర్లేదు. ఆయన ఇంకో 101 నిమిషాలు వంటింట్లో ఉంటే చాలు.

దారులు లేవా అంటే ఉన్నాయి. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాద్‌లోనే పెట్టారు, ఇప్పటి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ అదే. దాన్ని నడిపిన జి. రామిరెడ్డిగారే 1985లో ఢిల్లీలో పెట్టిన ఇగ్నోకి మొదటి వైస్ ఛాన్సలర్. ఇగ్నోలో మూడేళ్ల డిగ్రీని ఆరేళ్లదాకా సాగదీసుకోవచ్చు, పరీక్షలు జూన్‌లోనూ డిసెంబరులోనూ ఉంటాయి. వేరే యూనివర్సిటీలో పాసైన సబ్జెక్టులు బదిలీ చేసుకునే పద్ధతీ ఉంది గానీ సిలబస్ కలవాలి, కాగితాలు కావాలి. చేరేముందే అడిగి తేల్చుకోండి. ఇంకోటి, చదువు పూర్తయ్యేదాకా ఆధార్‌లో ఇంటిపేరు మార్చుకోకండి. పదో తరగతి మెమోలో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో ఇంకో ఇంటిపేరు ఉంటే అఫిడవిట్లతో చెప్పులరగాల్సిందే. అత్తారింటివాళ్లు నొచ్చుకుంటే పట్టా చేతికొచ్చాక మార్చుకుంటానని చెప్పండి, తొందరగా చదివిస్తారేమో.

మా తోడికోడలు చివరికి ఇగ్నోలో మళ్లీ ఫస్టియర్ నుంచి చేరింది. పాసైన రెండేళ్లనీ మళ్లీ చదువుతోంది. ఫీజు ఎవరు కట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు మా అత్తగారు "ఇప్పుడెందుకమ్మా, పిల్లలు చదువుకోవాల్సిన వయసులో నువ్వు" అన్నారు. "పెళ్లిచూపుల్లో మీరే అన్నారుగా అత్తయ్యా, పెళ్లయ్యాక అని. ఇదీ పెళ్లయ్యాకే" అన్నాను. ఆవిడ వారం నాతో మాట్లాడలేదు. ఫీజు మాత్రం మా మరిది కట్టాడు.

ఈ డిసెంబరులో తనకి పరీక్షలు. అవే రోజుల్లో మా చిన్న మావయ్యగారి గృహప్రవేశం పడింది. రెండో కోడలు రాకపోతే బంధువులేమనుకుంటారని ఇప్పటికే రెండు ఫోన్లు వచ్చాయి. తను పరీక్షకి వెళ్తుంది, బంధువులకి నేను చెప్తాను. పిల్లలకి కారియర్లు కట్టే పని ఆ పదిరోజులూ మా మరిదిది. ఇడ్లీపిండి మాత్రం నేను రుబ్బి పంపుతాను.